లెక్కలోకి రాని చెయ్యి

నిచ్చెన మీదున్న ఫ్యాన్ల మెకానిక్ చెయ్యెత్తేసరికి క్లాసంతా గొల్లుమంది.

ఆ బడిలో శనివారం ఆఖరి పీరియడు నిజాల గంట. పిల్లలైనా, మాస్టార్లైనా తమ ఇంట జరిగిన నిజాన్ని క్లాసులోనే ఉండే ఒక పుస్తకంలో రాసి, నిలబడి చదవాలి. అది నిజమేనని ఎరిగినవాళ్ళు ఒక్కరైనా చెయ్యెత్తాలి. ఎవరూ ఎత్తకపోతే చరిత్ర మాస్టారు ఆ పేజీ మీద ఎర్రగీత కొట్టేస్తారు.

ఆ రోజు చదివింది ఎనిమిదో తరగతి పిల్ల. బడిలో అందరూ మొండిఘటం అంటారు.

"పదేళ్ళ కిందట మిల్లు తగలబడ్డప్పుడు తలుపుకి బయట తాళం వేసుంది. మా అమ్మ ఇనుప స్టూలుతో తలుపు విరగ్గొట్టి పదకొండు మందిని బయటికి లాగింది. ఆ మాట నలుగురికీ చెప్పిందని పనిలోంచి తీసేశారు."

"తాళం తీసింది మేనేజరని పేపర్లో పడిందమ్మా" అన్నారు మాస్టారు.

"పేపరు అబద్ధం రాసింది సార్."

"అచ్చులో ఉన్నది అబద్ధమూ, నువ్వు చెప్పేది నిజమూనా? సాక్ష్యం ఏది?"

మాస్టారు చెడ్డవారేం కాదు. అచ్చయిన మాట ఆయనకు వేదవాక్కు, అంతే.

అప్పుడే లేచింది ఆ చెయ్యి, స్క్రూడ్రైవరుతో సహా.

"బయటివాళ్ళ చేతులు లెక్కలోకి రావు" అన్నారు మాస్టారు.

చెయ్యి దిగలేదు. నవ్వులూ ఆగలేదు. ఆ పిల్లకు ఒళ్ళు మండిపోయింది. ముక్కూమొహం తెలియని మనిషి జాలిపడి, తన తల్లి మాటను నవ్వులపాలు చేస్తున్నాడనిపించింది.

"దించండి. జాలితో ఎత్తే చెయ్యి మాకక్కర్లేదు. ఎవరూ ఎత్తకపోయినా మా అమ్మ చేసింది చేసిందే."

మెకానిక్ ఆమెకేసి కాసేపు చూశాడు.

"ఆ మాట నిజం తల్లీ" అని చెయ్యి దించి, తన పని చూసుకున్నాడు.

ఎర్రగీత పడింది.

"అబద్ధం రాశానని ఒప్పుకో. వచ్చేవారం ఇంకోటి చదువుదువుగాని."

"ఒప్పుకోను సార్."

బడి విడిచేదాకా ఆ పిల్ల నిలబడే ఉంది.

సోమవారం అందరికంటే ముందొచ్చింది. అదే సంగతి మళ్ళీ రాయాలని, ఎన్నిసార్లు కొట్టేస్తే అన్నిసార్లు రాయాలని.

నెత్తిన ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. మెకానిక్ శనివారమే పని ముగించుకుని వెళ్ళిపోయాడు. పేరేమిటని గాని, ఉండేదెక్కడని గాని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పుస్తకం తెరిచింది. ఎర్రగీత కింద, గ్రీజు వేలిముద్రల నడుమ, నాలుగు వరుసలు.

"చెయ్యి దించమన్నావు, దించాను. మాట మాత్రం దించను. ఆ రోజు తలుపు విరగ్గొట్టింది మీ అమ్మే. ఇట్లు, తాళం తీసింది నేను కాదని చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్న ఆనాటి మిల్లు మేనేజరు."