కాసేపు ఆగండి

"సర్వర్ పడిపోయింది మేడమ్!"

కంపెనీ ఏ స్థాయిలో ఉందో తేల్చడానికి వచ్చిన పరీక్షాధికారి ఎదురుగానే అరిచేసింది కొత్తమ్మాయి.

అలవాటుకొద్దీ క్వాలిటీ మేనేజరు చెయ్యి ఫోన్ మీదికి పోయింది. ఇన్నేళ్ళూ సర్వర్ పడితే అందరూ పిలిచేది ఆమె మొగుణ్ణే. స్నానంలో ఉన్నా, కంచం ముందున్నా లేచి పరిగెత్తేవాడు. ఆఫీసుకు ఆపద్బాంధవుడు, ఇంటికి చుట్టం.

"ఒక్క మొనగాడి మీద బతికే కంపెనీది మొదటి స్థాయి," అని పొద్దున్నే చెప్పాడు పరీక్షాధికారి. "ఎవరున్నా లేకున్నా రాసిపెట్టిన పద్ధతితో పని జరిగిపోతే మూడోది."

ఆ మూడో స్థాయి వస్తే ఆఫీసుకు పేరు దక్కుతుంది. ఆమెకు మొగుడు దక్కుతాడు. అందుకే నెలల తరబడి వెంటపడి, సర్వర్ లేపే విద్యంతా ఆయన చేత చెప్పించుకుని మెట్లుమెట్లుగా రాసింది. ఇవాళ సెలవు పెట్టించి ఇంట్లో కూర్చోబెట్టింది.

ఫోన్ బోర్లా పెట్టేసింది. "కాగితం చూసి చెయ్యి తల్లీ."

కొత్తమ్మాయి పైకి చదువుతూ ఒక్కో మెట్టూ చేసుకుపోయింది. "ఎర్ర బటన్ నొక్కాలి... నొక్కాను. చివరి మెట్టు: ఏమీ ముట్టుకోకుండా కాసేపు ఆగండి."

"ఆగడం దేనికి?" అన్నాడు పరీక్షాధికారి.

"యంత్రం కదండీ, కాస్త ఊపిరి పీల్చుకోవాలి," అంది మేనేజరు, మొగుడు చెప్పిన ముక్కే అప్పజెబుతూ.

ఆగారు. ఆమె మాత్రం ఊపిరి పీల్చలేదు. సర్వర్ లేచి కూర్చుంది.

"ఎవరికీ ఫోన్ చెయ్యలేదు కదా?"

"ఒట్టండీ!"

"శభాష్! మూడో స్థాయి మీదే."

సాయంత్రం గాల్లో తేలుతూ ఇల్లు చేరింది. "ఏమండోయ్! సర్వర్ పడింది. మీరు లేకుండానే లేచింది!"

"అలాగా," అన్నాడాయన ఒళ్ళోని లాప్‌టాప్ మూస్తూ. మొహంలో కళ లేదు.

పాపం, అనుకుంది. మనిషికి చాకిరీ బరువే. తనతో అవసరం తీరిపోయిందని తెలియడం ఇంకా బరువు.

"బట్టలు సర్దండి. రేపే కొండల్లోకి ప్రయాణం. వారం దాకా ఫోనూ అందదు, నెట్టూ అందదు!"

"నెట్టు కూడానా?" ఆయన నీళ్ళు నమిలాడు.

"ఇంక మీకెందుకండీ నెట్టు? అంతా కాగితం మీద ఉందిగా!"

"ఉందనుకో... ఆ ఎర్ర బటన్ నొక్కితే ఇక్కడ నా లాప్‌టాప్ మోగుతుంది." ఆయన తల గోక్కున్నాడు.

"ఆ చివరి మెట్టు నేనే."