పన్నెండు మూగ భాషలు

'బహుమతి మీకే' అని బ్రస్సెల్స్ నుంచి మెయిల్ వచ్చేసరికి యోస్ట్ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కళ్ళు తుడుచుకుని రెండోసారి చదివాడు. సందేహం లేదు. ఈ ఏడాది యూరప్‌లో ఉత్తమ బహుభాషా వేదిక అతని 'బెల్ఫోర్ట్'.

ఉర్ష్కా ఎగిరొచ్చి అతని మెడ పట్టుకుంది. పెళ్ళై నాలుగు వారాలే అయింది. పాలు పొంగకుండా దింపినా ఆ ఇంట్లో పండగే. స్లొవేనియాలోని లుబ్లియానా నుంచి వాళ్ళమ్మ పంపిన వాల్‌నట్ రొట్టె దాచిపెట్టిందల్లా వెంటనే కోసేసింది.

"చదువు, చదువు! ఏమని పొగిడారు?"

"'మీ వేదిక మీద పద్నాలుగు భాషల సందడి చూస్తుంటే సంతలో నడిచినట్టుంది' అట." యోస్ట్ పెదవి విరిచాడు. "సందడట! వీళ్ళు ఒక్కసారైనా లోపలికి తొంగి చూశారంటావా? అది సంత కాదు, శ్మశానం."

బెల్ఫోర్ట్ అంటే వాళ్ళుండే ఘెంట్ ఊళ్ళో గంటల గోపురం. ఆ పేరుతోనే మూడేళ్ళ కిందట యోస్ట్ సొంతంగా ఒక సర్వర్ పెట్టాడు. ఏ పెద్ద కంపెనీ గుప్పిట్లోనూ లేని సామాజిక మాధ్యమం అది. ఇలాంటి చిన్న సర్వర్లు వందల కొద్దీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకచోట నచ్చకపోతే స్నేహితులను వెంటబెట్టుకుని మరో చోటికి మారిపోవచ్చు.

మొదటి రోజు ఎంత ముచ్చటగా సర్దుకున్నాడో! గోపురం బొమ్మ పెట్టాడు. అక్షరాలు పెద్దవి చేశాడు. చదవగల భాషలేవని అడిగితే డచ్, ఫ్రెంచ్ ముందు టిక్కు పెట్టాడు. అందరి రాతలూ కనిపించే గోడకు నీలం రంగు వేశాడు. ఆఖరున నియమాలు రాశాడు. మొదటి నియమం అతనికి ప్రాణం: 'ఇక్కడ ఎవరి భాషలో వాళ్ళు రాయాలి. ఇంగ్లీషు చాటున దాక్కోకూడదు.'

జనం వచ్చారు. లాట్వియా నుంచి, స్లొవేనియా నుంచి, బాస్క్ కొండల నుంచి రెండు వేల మంది దాకా చేరారు. చేరి, బొమ్మల కొలువులో బొమ్మల్లా కూర్చున్నారు. మూడేళ్ళలో డచ్ వాళ్ళు, ఫ్రెంచ్ వాళ్ళు తప్ప ఒక్కరు నోరు విప్పితే ఒట్టు.

యోస్ట్ మొదట బతిమాలాడు. తర్వాత దెప్పాడు. ఈమధ్య వారం వారం తిట్టడమే. పోయిన సోమవారం రాసిందైతే తనకే ముద్దొచ్చి ఉర్ష్కాకు చదివి వినిపించాడు: 'పన్నెండు భాషల మూగ మొద్దుల్లారా! మీకంటే మా కాలువలో బాతులు నయం. రొట్టెముక్క వేస్తే పలుకుతాయి.'

ఆ మాట గుర్తొచ్చి ఉర్ష్కా అంది, "మరీ బాతులతో పోల్చావు. పాపం, సిగ్గేమో వాళ్ళకి."

"సిగ్గా? బద్ధకం! మా భాష చచ్చిపోతోందని ఊరంతా తిరిగి ఏడుస్తారు. అరుగు కట్టించి ఇస్తే దాని మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటారు. మీ స్లొవేనియన్లే నూట ఎనభై మంది ఉన్నారు. ఒక్కరు 'బాగున్నావా' అన్న పాపాన పోలేదు."

"మావాళ్ళా! బస్సులో పక్కసీటాయన వాడే తలనొప్పి మాత్ర పేరు కూడా కనుక్కుని దిగుతారు మావాళ్ళు."

"అయితే బస్సులోనే ఉండమను."

మెయిల్ చివర ఇంకో మాట ఉంది. రేపు ఉదయం పదింటికి బ్రస్సెల్స్ సభలో పెద్ద తెర మీద బెల్ఫోర్ట్‌ను తెరిచి చూపిస్తారు. అన్ని భాషలూ పలకడం సభంతా చూశాకే బహుమతి చేతికిస్తారు.

యోస్ట్ నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది.

"అయిపోయింది. నాలుగు వందల మంది ముందు పరువు పోతుంది. మూడేళ్ళ కష్టం ఈ దద్దమ్మల పాలు!"

అప్పటికప్పుడు గోడ మీద డచ్‌లో రాసి పారేశాడు: 'రేపు పదింటికైనా నోరు తెరిచి ఏడవండి.'

ఉర్ష్కా తన ఫోన్ తీసింది. "ఉండు, నేనూ చేరతాను. రేపటికి ఒక్క స్లొవేనియన్ గొంతైనా ఉంటుంది. ఇక నా మొగుడి పరువు నా చేతిలో!"

"ఒక్క దానివే నూట ఎనభై మంది పెట్టు అరవాలి మరి."

"ఆ విషయంలో బెంగపడకు మహానుభావా!"

యోస్ట్‌లా ముచ్చటగా సర్దుకునేంత ఓపిక ఆమెకు లేదు. ఫోన్ అడిగిన ప్రశ్నలన్నిటికీ 'తర్వాత' అని నొక్కుకుంటూ బెల్ఫోర్ట్ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె వేలు తెర మీద జరుగుతూనే ఉంది. ఎంతసేపటికీ ఆగలేదు. ముఖంలో నవ్వు మాత్రం ఆగిపోయింది.

"ఏంటి, కాలు పెట్టగానే నీకూ నోరు పడిపోయిందా?" అన్నాడు యోస్ట్.

ఉర్ష్కా తలెత్తి జాలిగా చూసింది.

"నీ మొదటి నియమాన్ని వీళ్ళు ఎంత బుద్ధిగా పాటించారో విను" అని, గోడకు అన్నిటికంటే పైన, పన్నెండు భాషల్లో వరసగా ఉన్న ఒకే ప్రకటనలో స్లొవేనియన్ ముక్కకు అర్థం చెప్పింది:

"'మూడేళ్ళుగా రోజూ మేం పలకరిస్తూనే ఉన్నా, తనకొచ్చిన రెండు భాషలకే టిక్కు పెట్టి తన తెర తలుపు తెరిచి, మిగతా పన్నెండింటినీ బయటే నిలబెట్టి, మమ్మల్ని మూగ మొద్దులంటున్న యజమానిని వదిలేసి, రేపు ఉదయం తొమ్మిదింటికి అందరం కలిసి వేరే సర్వర్‌కు మారిపోతున్నాం.'"