పల్లవిలో పరాయి మాట

మొదట సూది గరగర. ఆపైన డోలు దెబ్బ. ఆ వెనక, నలభై ఏళ్ళ కిందటి ఒక గొంతు: “బేబీ… బేబీ…”

వంటింట్లో పప్పన్నం మెదుపుతున్న సత్యకుమారి చేయి ఆగింది. పాటలో ఆ ఒక్క మాట తప్ప ఆమెకేమీ అర్థం కాదు. అయినా ఆ వరసలో ఉయ్యాల ఊపేదో ఉన్నట్టుండేది.

హాల్లో రికార్డు పెట్టినవాడు ఫర్దీన్, హైదరాబాదు మనిషి. దుబాయి అల్ ఖూజ్‌లో పాత పాటలను కొత్తగా విడుదల చేసే కంపెనీలో ఉద్యోగి.

“అక్కా, మేడం సంతకం పెడతదా లేదా? ఒక్క సంతకం, ఖలాస్!”

“ముందు నాలుగు ముద్దలు దిగనీ బాబూ. పప్పన్నం కలిపి చేత్తో పెడితేనే తింటారు.”

“పారిస్ మేడంకి పప్పన్నమా!”

“నన్నడుగుతావేంటి? నాకు ముందు ఏజెన్సీ ముగ్గురు పనోళ్ళని పంపితే వద్దన్నారంట. గోదారి మనిషే కావాలన్నారంట.”

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కళ్ళు మూసుకుని వింటోంది సోలాంజ్ మేడం. ఎనభైల్లో ఫ్రాన్సు ఆమె పాటకు ఊగింది. పొట్టి జుట్టు, వెండి జాకెట్టు, వరసగా ఆరు రికార్డులు. ఏడోది, ఈ పాట ఉన్నది, ముంచింది. ‘ఫ్రెంచి పల్లవిలో ఇంగ్లీషు మాటా? అమెరికా మోజులో అమ్మభాషను అమ్ముకుంది’ అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. రేడియోలు మొహం చాటేశాయి. ఆ మాట ఏ ప్రియుడి కోసమని అడిగినవాళ్ళందరికీ ఆమె నవ్వే జవాబు. పక్షవాతం వచ్చాక మాటలూ కొన్నే మిగిలాయి.

“ఆ ఒక్క మాట తీసేసి కొత్తగా వేస్తమక్కా. నలభై ఏళ్ళ బద్నాం పోతది,” అంటూ ఫర్దీన్ కాగితం మేడం ఒడిలో పెట్టాడు.

మేడం ఆ కాగితాన్ని బోర్లించింది.

“ఇయ్యాల కాదంటే మా ముదీర్, అదే మేనేజరు, పాటనే వదిలేస్తడు. ఆ మాట ఎందుకుండాల్నో చెప్పమను. అట్టమీద అచ్చేసి, ఉంచేస్తం.”

మేడం కళ్ళు తెరిచింది. కుర్చీ సంచిలోంచి ఒక ఫొటో తీసి, గిన్నెతో హాల్లోకి వచ్చిన సత్యకుమారికి అందించింది. నలుపు తెలుపుల్లో ఏటిగట్టు, చర్చి శిఖరం, ముతక కోకలో ఒకావిడ. ఆవిడ చంకలో తెల్లపిల్ల. పిల్ల పిడికిట్లో ఆవిడ కొంగు.

“అయ్యబాబోయ్, మా యానాం! ఫ్రెంచోళ్ళ కాలంనాటిది. ఈ పిల్ల మీరేనా అమ్మగారూ?”

మేడం తలూపింది.

“ఓడెక్కేదాకా అక్కడే పెరిగారా?”

మళ్ళీ తలూపింది. ఈసారి కళ్ళు నిండాయి.

సత్యకుమారి పప్పుచేయి కొంగుకు తుడుచుకుని, ఇన్నేళ్ళలో ఎవరూ అడగనిది అడిగింది. “మిమ్మల్ని ఎత్తుకున్న ఈ తల్లి పేరేంటండీ?”

పాట అయిపోయింది. సూది ఉత్తినే తిరుగుతోంది. మేడం పెదవులు మెల్లగా విడివడ్డాయి.

“బేబీ.”