ముందు వరస

"కొండ మీద కుర్చీలట! వాటికి మన పేర్లు అంటించారట! రాకెట్ చూడ్డానికి పిలిచారా, పెళ్లికి పిలిచారా?" అంటూ హోహెపా ఫోను టేబుల్ మీద పడేశాడు.

అతని స్నేహితుడు డెస్ ముందు నోటుపుస్తకం తెరిచి ఉంది. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. పక్క వీధికి పోవాలన్నా రాసుకోనిదే కాలు కదపడు. రేపు మాహియా తీరంలోని రాకెట్ కేంద్రానికి వెళ్లి రావడానికి నాలుగు పేజీలు రాశాడు. ఏడింటికి బయల్దేరడం, దారిలో నూహాకాలో టీ, తొమ్మిదింటికి కేంద్రం వాళ్ల బస్సు, పదింటికి కొండ మీద.

"మెరెయానా అంత ఆశపడి వేయించింది కదరా, ముందు వరసలో" అన్నాడు నెమ్మదిగా.

మెరెయానా హోహెపా మనవరాలు. ఆక్లండ్‌లో చదువుతోంది. రేపు ఎగిరే రాకెట్లో బ్రెడ్డు ప్యాకెట్టంత ఉపగ్రహం పెట్టె ఒకటి ఉంది. దాన్ని చేసింది ఆ పిల్లే. ప్రయోగం ఇప్పటికే రెండుసార్లు ఆగింది. ఒకసారి గాలి, ఒకసారి మబ్బు. రేపు పదకొండున్నర లోపు ఎగరకపోతే ఆ పెట్టెని దించేసి వేరేవాళ్లది ఎక్కిస్తారు. మూడేళ్ల చదువు మళ్లీ మొదటికొస్తుంది.

ఈ సంగతి ఊళ్లో హోహెపా చెప్పని మనిషి లేడు. మాంసం కొట్టులో చెప్పాడు, చర్చిలో పాట మధ్యలో ఆపి మరీ చెప్పాడు. డెస్ ముందు మాత్రం అంతా వెటకారమే.

"ముందు వరసేంట్రా, ముందు వరస! అక్కణ్నుంచి చూస్తే అగ్గిపుల్లంత కనిపిస్తుంది. పైగా టోపీ పెట్టుకున్నవాడెవడో వచ్చి ఇక్కడ కూచో, అక్కడ నిలబడు అంటాడు. ఎవడికి చెప్తాడు? వాళ్లు సిమెంటు పోయకముందు అరవై ఏళ్ల నుంచి నేనెరుగుదును ఆ చుట్టుపక్కలంతా. నా మనవరాలి పెట్టె పైకి పోతుంటే నేను ఎవడి వీపో చూస్తూ కూచోవాలా?"

"మరి ఎక్కణ్నుంచి చూస్తావ్?"

"నాకో చోటుంది. మా తాత చూపించింది. ఎదురుగా రాకెట్. మధ్యలో చెట్టు లేదు, కొండ లేదు, వెధవ లేడు."

డెస్ నోటుపుస్తకంలోంచి ఒక కాగితం తీశాడు. ప్రయోగం ముందు ఇంటింటికీ పంచే కాగితం. "ఒక్కసారి ఇది చదువుదాం. రేపు ఎక్కడికి పోకూడదో మ్యాపు వేసి మరీ ఇచ్చారు."

హోహెపా దాన్ని లాక్కుని వేళ్లతో నలిపి చూశాడు. "మందంగా ఉంది. పనికొస్తుంది" అని మటన్ శాండ్‌విచ్‌లు అందులో చుట్టాడు.

నాలుగు పేజీల ప్లాను అలా ముగిసింది. డెస్ వేసే ప్లాన్లన్నీ అలాగే ముగుస్తాయి. నోటుపుస్తకం ఉన్నంత మాత్రాన నోరుండాలని లేదు కదా.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. నడిపేది హోహెపాయే. డెస్ ముందుగానే రెండు మాత్రలు మింగాడు. హోహెపా నడిపితే అతనికి కడుపులో తిప్పుతుంది.

తొమ్మిదింటికల్లా చేరారు. నిజంగానే గొప్ప చోటు. రాకెట్ నల్లగా, నిటారుగా, కింది నుంచి కొస దాకా కనిపిస్తోంది. చుట్టుపక్కల ఇంకో మనిషి లేడు. డెస్ టోపీ ఎగిరిపోకుండా గడ్డం కింద ముడేసుకున్నాడు. హోహెపా బూట్లు విప్పి, కాళ్లు బారజాపి, బైనాక్యులర్స్‌తో కొండ మీది జనాన్ని చూసి పకపకా నవ్వాడు.

"చూడరా, గొర్రెల్ని దొడ్లో తోసినట్టు తోశారు. అదిగో, మన రెండు కుర్చీలూ ఖాళీ!"

పదకొండింటికి ఎగరాలి. పదకొండైంది. ఎగరలేదు.

డెస్ ట్రాన్సిస్టర్ గొంతు పెంచాడు. "ప్రయోగం తాత్కాలికంగా ఆపారు. ప్రయోగం కోసం మూసేసిన సముద్ర భాగంలోకి ఒక పడవ వచ్చింది. అది వెళ్లిపోగానే కౌంట్‌డౌన్ మళ్లీ మొదలవుతుంది."

హోహెపా దిగ్గున లేచాడు. డెస్ అతని చొక్కా పట్టుకున్నాడు.

"ఎవడ్రా ఆ దరిద్రుడు! చేపలకి ఇవాళే దొరికిందా వాడికి? బుర్రుందా, ఆల్చిప్ప ఉందా?"

బైనాక్యులర్స్ ఎత్తి ఆ చివర నుంచి ఈ చివర దాకా సముద్రమంతా గాలించాడు. ఒక్క పడవా కనిపించలేదు.

"అబద్ధం! రాకెట్ లేపడం చేతకాక పడవ మీదకి నెడుతున్నారు. పడవట, పడవ!"

పదకొండుంబావుకి రేడియో మళ్లీ చెప్పింది. పడవ ఇంకా కదల్లేదట.

ఈసారి హోహెపా బైనాక్యులర్స్ ఒళ్లో పెట్టుకున్నాడు. "పిల్ల గోళ్లు కొరుక్కుంటూ ఉంటుందిరా. ఏడుపొస్తే అంతే, చిన్నప్పట్నుంచీ." మళ్లీ రాకెట్ వైపు చూస్తూ, "ఆ పడవవాడు నా చేతికి దొరకాలి. జన్మలో తలెత్తుకోలేకుండా చేస్తాను" అన్నాడు.

ఏం చెయ్యాలో తోచక డెస్ శాండ్‌విచ్ పొట్లం విప్పాడు. కాగితం నిండా కొవ్వు మరకలు. మరకల కింద మ్యాపు. ఒక ముక్క కొరికి, మ్యాపు చూశాడు. రాకెట్ వైపు చూశాడు. కొండ వైపు చూశాడు. మళ్లీ మ్యాపు చూశాడు. నమలడం ఆపేశాడు.

"హోహెపా..."

"ముందు నోట్లోది మింగి మాట్లాడు."

డెస్ మింగలేకపోయాడు.

పదకొండూ ముప్పై అయిదుకి వెనక నుంచి మైకులో ఒక పోలీసు గొంతు, "టైమైపోయింది పెద్దాయనా, ఇక మీ లంగరు ఎత్తి పడవ ఇంటికి తిప్పండి" అంది.