కాకి చాడీ

శబరి ఒడ్డున ఆ వన్యప్రాణుల అడవిలో కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు, ఒక గుడారం ఇంకో గుడారానికి కనబడకూడదని రూలు. బుల్లెబ్బాయి ఏటా భార్యను అక్కడికే తెచ్చేవాడు. ఊళ్లో అయితే మంగాయమ్మ అతని మీద ఎవరికో ఒకరికి చాడీలు చెప్పేది. ఇక్కడ వినేవాడు లేడు.

ఆవిడ పోయి ఇవాళ్టికి ఏడాది. అన్నం వండి బండ మీద ముద్ద పెట్టాడు. కాకి ముడితే ఆవిడ తిన్నట్టు. కాకి వచ్చింది, చూసింది, ముట్టలేదు.

"ఏం, ఉప్పు చాల్లేదా?"

అది ఎగిరిపోయి గార్డు జానకిని వెంటబెట్టుకొచ్చింది. ఇప్పుడు అడవి కాపలా అంతా అటవీశాఖ మచ్చిక చేసిన కాకులదే. జంతువులకు తిండి పెట్టేవాణ్ణి పట్టిస్తే వాటికి పల్లీలు బహుమానం.

"గుడారం విప్పు తాతా. ఇంక ఈ ఒడ్డుకి రాకూడదు," అంది జానకి, పల్లీల కోసం జేబు తడుముకుంటూ.

"విప్పుతాలే అమ్మాయ్. దాని బహుమానం ఆ ముద్దలోంచి ఇయ్యి. నువ్వు పెడితే తప్పు లేదుగా?"

జానకి జేబులోంచి చెయ్యి తీసి, ముద్దలోంచి నాలుగు మెతుకులు అరచేతిలో పెట్టుకుని చాపింది. కాకి గబగబా తినేసింది.

"నా మీద చాడీ చెప్పి మరీ తింది," అన్నాడు బుల్లెబ్బాయి, గుడారం తాళ్లు విప్పుతూ. "అనుమానం లేదు, మా ఆవిడే."