మంచి ఏడుపు

"బాబూ, నువ్వలా కాలుగాలిన పిల్లిలా తిరిగితే కాన్పు తొందరగా అయిపోతుందా? కూర్చో," అన్నాడు బెంచీ మీది పెద్దాయన.

ఎలక్ట్రీషియన్ కూర్చున్నాడు. అరనిమిషం కాకుండానే మళ్ళీ లేచాడు. తలుపు అవతల అతని భార్య పొద్దుటి నుంచీ నొప్పులు పడుతోంది. బిడ్డ గుండె కొట్టుకోవడం నెమ్మదించిందనీ, ఇంకాసేపు చూసి ఆపరేషన్ చేస్తామనీ డాక్టరమ్మ ఇందాకే చెప్పి వెళ్ళింది. అప్పటి నుంచీ అతని ప్రాణం అతని దగ్గర లేదు.

"మా అల్లుడికి కరెంటంటే భయం లేదండీ, డాక్టరంటేనే భయం," అంది అత్తగారు. ఆ మాటన్న ఆవిడ కూడా తలుపు మీంచి చూపు తిప్పలేదు.

పెద్దాయన నవ్వాడు. అంత ఉక్కపోతలోనూ మందపాటి స్వెట్టరు వేసుకున్నాడు. ఒళ్ళో మూత తీయని టిఫిన్ డబ్బా ఉంది.

"మీ అమ్మాయా లోపల?" ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు ఎలక్ట్రీషియన్.

"ఎవరైతేనేం బాబూ, లోపలున్నవాళ్ళంతా మనవాళ్ళే."

"మీకు భయం వెయ్యట్లేదా?"

"వేస్తుంది. అందుకేగా అన్నం ముట్టలేదు. ఏడుపు వినపడనీ, అప్పుడు తింటా. ఏడుపుల్లో నాకు నచ్చేది ఇదొక్కటే."

కన్నకూతురు లోపల నొప్పులు పడుతుంటే పక్కవాడికి ధైర్యం చెప్పే తండ్రిని అతనెక్కడా చూడలేదు. తనకూ అలాంటి గుండె ఉంటే బాగుండుననిపించింది.

"ఏం పని చేస్తారు మీరు?"

"తేలికపాటి పనే. ఇన్నేళ్ళలో నా మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు."

"అదృష్టవంతులు. నన్ను పనికి పిలిచేవాళ్ళు ఫ్యాను తిరిగినా తిడతారు, తిరక్కపోయినా తిడతారు."

"తిట్టించుకో బాబూ. తిట్టే మనుషులుండటమూ భాగ్యమే."

ఇంతలో ఓ నర్సు పరుగున లోపలికి వెళ్ళింది. వెనకే డాక్టరమ్మ. తలుపు మూసుకుంది. పెద్దాయన కూడా డబ్బాను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. ఎలక్ట్రీషియన్ వెళ్ళి తలుపుకి చెవి ఆనించాడు.

అప్పుడు వినిపించింది. సన్నగా మొదలైన ఏడుపుతో క్షణంలో వరండా అంతా దద్దరిల్లింది.

ఎలక్ట్రీషియన్‌కి ప్రాణం లేచొచ్చింది. అత్తగారు చేత్తో నోరు మూసుకుని భోరుమంది. వాళ్ళిద్దరికంటే ముందే పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"గట్టిపిండమే," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

కాసేపటికి నర్సు బిడ్డను తెచ్చింది. ఆడపిల్ల. తల్లీ క్షేమమే. మనవరాల్ని తనివితీరా ముద్దాడి, అత్తగారు పెద్దాయన వైపు తిరిగింది.

"మీరూ ఓసారి ఎత్తుకోండి అన్నయ్యగారూ. మీ మాటల వల్లే మేం గట్టెక్కాం."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దమ్మా. నా చేతులు చల్లగా ఉంటాయి."

దూరం నుంచే ఆశగా, తృప్తిగా చూశాడు. తరవాత బెంచీ మీద కూర్చుని డబ్బా తెరిచాడు. ఆవురావురుమంటూ తినేసి, గడియారం చూసుకుని, అందరికీ చెప్పి మెట్లు దిగిపోయాడు.

"అదేంటి, వాళ్ళమ్మాయి కాన్పు కాకుండానే వెళ్ళిపోతున్నారు?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

నర్సు నవ్వింది. "ఆయనకిక్కడ ఎవరూ లేరండీ. రోజూ భోజనం టైంలో పైకొచ్చి, ఓ ఏడుపు విని వెళ్తారు. ఆయన సంతోషం ఆయనది. మా ఆస్పత్రిలోనే పని."

"ఏ వార్డులో?"

నర్సు పాప చుట్టూ గుడ్డ సర్దుతూ మెల్లగా చెప్పింది.

"మార్చురీలో."