పెద్దాయన జాడ

"పద్నాలుగేళ్లు ఓర్విల్. పద్నాలుగు నవంబర్లు! అరిజోనాకి రమ్మని పిలిచి పిలిచి మా అక్క ఇప్పుడు పిలవడం కూడా మానేసింది," అంది నోరీన్, పెనం తోముతూనే.

"అరిజోనాకి జూన్‌లో వెళదామన్నానుగా?"

"జూన్‌లోనా? వేగి రావడానికా?"

ఓర్విల్ రబ్బరు బూట్లు తొడుక్కున్నాడు. ఏటా నవంబరులో సాగే జింకల వేట గడువు ముగిసి నెల దాటింది. మిస్సోరి నది పక్కన ఆరువందల ఎకరాల పల్లపు భూమి వాళ్ల కుటుంబానిది. అందులో అతను మూడేళ్లుగా వెంటపడుతున్నది ఒకే ఒక ముసలి మగజింక. ఇంట్లో దాన్ని పెద్దాయన అనేవారు. అక్టోబరు తర్వాత ఎవరికీ కనబడలేదు.

"ఆయన పోయుంటాడు," అంది నోరీన్.

"అపశకునం మాటలు మాట్లాడకు. ఉన్నాడు."

"అయితే పందెం. ఇవాళ ఆయన జాడ చూపించు, నవంబరు నీది. లేకపోతే ఇద్దరం అరిజోనాకి. పల్లంలోకి నేనూ వస్తున్నా నీతో. పాత గుర్తు చూపించి కొత్తదంటావు, నీ సంగతి నాకు తెలీదా!"

పల్లంలో బురద పిక్కల దాకా దిగుతోంది. ఓర్విల్ ఓ చెట్టు దగ్గర ఆగాడు. "చూశావా? కొమ్ములతో బెరడు ఎంత ఎత్తున గీకాడో! చిన్నవాటి పని కాదిది."

"ఎప్పటిదో ఏం ఖర్మో."

"చెక్క ఇంకా నల్లబడలేదు, చూడు."

"సరే, మరి ఆయన పడుకునేదెక్కడ?"

ఈ ప్రశ్న అదే పల్లంలో వేటాడే తమ్ముడు లాయిడ్ అడిగి ఉంటే ఓర్విల్ మాట మార్చి వాతావరణం గురించి మాట్లాడేవాడు. అడిగింది పెళ్లాం. తుపాకీ ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియని మనిషి. అతనికి హుషారొచ్చింది.

"ఆ విల్లో పొదల్లో, మిట్ట మీద. వరదొచ్చినా తడవదక్కడ."

"అయితే కాపు కాయడానికి నువ్వెక్కడ కూర్చోవాలి?"

చుట్టూ మైలు దూరంలో మనిషి లేకపోయినా ఓర్విల్ గొంతు తగ్గించాడు. "ఆ వంగిన సికమోర్ చెట్టు మీద. వాయవ్యం గాలి వీచే రోజునే. వాగులోంచి నడిచి రావాలి, అప్పుడు మన వాసన తగలదు."

"వాగులోంచి," అంది నోరీన్ శ్రద్ధగా.

ఆ చెట్టు కిందే దొరికింది కొమ్ము. ఏటా ఈ రోజుల్లో మగజింకలు రాల్చే కొమ్మే, కానీ మోచేయంత పొడవు, అయిదు కొనలు. మొదలు దగ్గర నెత్తురు చార ఇంకా ఎర్రగానే ఉంది. ఓర్విల్ ఆ బురదలోనే రెండడుగులు చిందేశాడు.

"వారం కూడా కాలేదు ఊడి! ఏమంటావు?"

"ఏమంటాను, గెలిచావు. నవంబరు నీది," అంది నోరీన్.

కొమ్మును లాయిడ్ కంటబడకుండా ట్రక్కు సీటు కింద దాచాడు ఓర్విల్.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఓర్విల్ తల్లి ఇల్మా ఫోర్కుతో గ్లాసు మీద కొట్టింది. భూమి ఆవిడది. వచ్చే వేటకు ఎవరికి ఏ చెట్టో ఏటా ఈ బల్ల దగ్గరే తేలాలి. ముందు ఎవరు నోరు తెరిస్తే చెట్టు వాళ్లది, ఆ తర్వాత పేచీల్లేవు.

"సోయా చేను మూల చెట్టు నాకు," అన్నాడు లాయిడ్.

ఓర్విల్ తొందరపడలేదు. తొందరపడితే అక్కడేదో ఉందని తమ్ముడు పసిగడతాడు. ఆవులించినట్టు నటించి, ఇంకో గరిటెడు బంగాళాదుంప ముద్ద వడ్డించుకున్నాడు.

"వంగిన సికమోర్ నాకు అత్తయ్యా," అంది నోరీన్.

బల్ల చుట్టూ అందరూ తలలెత్తారు. ఓర్విల్ చేతిలో గరిటె గాల్లోనే ఆగింది.

"నీకా? నువ్వెప్పుడు వేటాడావే?" అంది ఇల్మా.

"వేట శిక్షణ పరీక్ష మంగళవారమే ప్యాసయ్యాను."

"భేష్! ఇచ్చేశాను. మరి ఓర్విల్, నీకో?"

ఓర్విల్ నోరు తెరిచేలోపే నోరీన్ గ్రేవీ గిన్నె అతని వైపు జరిపి, నెమ్మదిగా అందరితో చెప్పింది.

"నవంబరు ఆయనదే, పందెంలో గెలుచుకున్నాడు. వేటకి నేను వెళతాను, అరిజోనాకి ఆయన వెళతాడు. అక్కకి పొద్దున్నే చెప్పేశాను."